తీవ్రమైన మొటిమలకు మందుల చికిత్స : సురక్షిత వినియోగం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు :
• మొటిమలు ఏర్పడే విధానాన్ని, వాటి తీవ్రతను గుర్తించే పద్ధతిని వివరించగలుగుతారు.
• తీవ్రమైన మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ పనిచేసే తీరును, దాని మోతాదును నిర్ణయించే పద్ధతిని తెలపగలుగుతారు.
• ఈ మందు వాడే స్త్రీలు గర్భధారణ విషయంలో పాటించవలసిన గడువును లెక్కించగలుగుతారు.
• పొలం పనులు చేసేవారు తీసుకోవలసిన జాగ్రత్తలను, వెంటనే డాక్టరును కలవవలసిన సందర్భాలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

మొటిమలు యుక్తవయసులో చాలామందికి వస్తాయి. ఎక్కువ మందిలో కొంతకాలానికి వాటంతట అవే తగ్గిపోతాయి. కొందరిలో మాత్రం అవి బఠాణీ గింజంత గడ్డలుగా మారి, చీము పట్టి, నొప్పి పెడతాయి. మానిన తరవాత ముఖం మీద, వీపు మీద గుంటలు మిగులుతాయి. ఈ గుంటలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కాబట్టి తీవ్రమైన మొటిమలను వయసు పొంగు అనుకొని వదిలేయడం మంచిది కాదు.

ఇటువంటి మొటిమలకు బాగా పనిచేసే మందు ఉంది. దాని పేరు ఐసోట్రెటినాయిన్. అయితే గర్భవతి ఈ మందు వాడితే కడుపులోని శిశువుకు తీవ్రమైన హాని జరుగుతుంది. ఇంత మేలు, ఇంత కీడు చేయగల మందును ఎవరు వాడవచ్చు, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అనే విషయాలను ఈ భాగంలో తెలుసుకుందాం. ఉదాహరణలను గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మిర్చి, పత్తి పొలాల ప్రాంతం నుంచి తీసుకున్నాం. ఎండలో, మిర్చి ఘాటులో పనిచేసేవారికి ఈ మందు విషయంలో అదనపు జాగ్రత్తలు అవసరం.

7.2 మొటిమలు ఏర్పడే విధానం

మన చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కన ఒక తైల గ్రంథి ఉంటుంది. ఇది సెబం అనే జిడ్డు పదార్థాన్ని తయారు చేస్తుంది. మొటిమలు ఏర్పడటానికి నాలుగు కారణాలు కలుస్తాయి.

1. యుక్తవయసులో పెరిగే ఆండ్రోజన్ హార్మోన్ల వల్ల తైల గ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవిస్తాయి.
2. వెంట్రుక కుదురు లోపలి చర్మకణాలు సరిగా రాలిపోక, ఒకదానికొకటి అంటుకొని రంధ్రాన్ని మూసివేస్తాయి.
3. మూసుకుపోయిన రంధ్రంలో క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెందుతుంది.
4. దీనికి శరీరం స్పందించడం వల్ల ఎరుపు, వాపు, నొప్పి వస్తాయి.

కారం తింటే వేడి చేసి మొటిమలు వస్తాయని మన ప్రాంతంలో చాలామంది నమ్ముతారు. మిరపకారానికి, మొటిమలకు సంబంధం ఉందనడానికి తగిన ఆధారాలు లేవు. రక్తంలో చక్కెరను త్వరగా పెంచే ఆహారం, పాలు కొందరిలో మొటిమలను పెంచవచ్చని కొన్ని అధ్యయనాలు సూచిస్తున్నాయి. ముఖం మురికిగా ఉండటం వల్ల మొటిమలు వస్తాయనేది కూడా సరికాదు. రోజుకు రెండుసార్ల కంటే ఎక్కువగా సబ్బుతో రుద్ది కడిగితే చర్మం మరింత మంట పెడుతుంది.

తీవ్రతను బట్టి మొటిమలను నాలుగు స్థాయిలుగా విభజిస్తారు. మొదటి స్థాయిలో ముఖ్యంగా నల్లమొనలు, తెల్లమొనలు ఉంటాయి. రెండో స్థాయిలో ఎర్రటి పొక్కులు ఎక్కువగా, చీము పొక్కులు కొద్దిగా ఉంటాయి. మూడో స్థాయిలో చీము పొక్కులతో పాటు లోతైన గడ్డలు కనిపిస్తాయి. నాలుగో స్థాయిలో గడ్డలు, చీము తిత్తులు, విస్తారంగా మచ్చలు ఉంటాయి. ఈ భాగంలో తీవ్రమైన మొటిమలు అన్నప్పుడు మూడు, నాలుగు స్థాయిలని అర్థం చేసుకోవాలి.

7.3 చికిత్సలోని మెట్లు

మొటిమలన్నింటికీ ఒకే మందు ఉండదు. డాక్టరు తీవ్రతను చూసి చికిత్సను ఎంచుకుంటారు.

పూతమందులు : బెంజాయిల్ పెరాక్సైడ్, అడపలీన్ వంటివి మొదటి మెట్టు. అడపలీన్‌ను రాత్రిపూట, ముఖమంతటికీ కలిపి శనగగింజంత మాత్రమే రాసుకోవాలి. ఫలితం కనిపించడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. వారం రోజులకే పనిచేయలేదని మానేయకూడదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, గర్భిణులు అడపలీన్ వంటి పూతమందులను కూడా వాడకూడదు.

యాంటీబయోటిక్ మాత్రలు : డాక్సీసైక్లిన్ వంటివి వాపును తగ్గిస్తాయి. వీటిని సాధారణంగా మూడు నెలలకు మించి వాడరు. సూక్ష్మజీవులు మందుకు లొంగని స్థితికి చేరకుండా ఉండేందుకు బెంజాయిల్ పెరాక్సైడ్ పూతను జతచేస్తారు. డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. వెంటనే పడుకోకూడదు. ఒట్టి గొంతుతోనో రెండు గుక్కల నీళ్లతోనో మింగితే మాత్ర అన్నవాహికలో ఇరుక్కొని పుండు చేయగలదు. పొలంలో ఉండి హడావిడిగా మింగేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు.

హార్మోన్ చికిత్స : నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం వంటివి ఉన్న స్త్రీలలో అండాశయ సమస్య ఉందేమో పరీక్షించి, తగిన మందులు ఇస్తారు.

ఐసోట్రెటినాయిన్ : గడ్డలు, తిత్తులతో కూడిన మొటిమలకు, మచ్చలు మిగులుస్తున్న మొటిమలకు, పై చికిత్సలకు లొంగని వాటికి దీనిని వాడతారు.

7.4 ఐసోట్రెటినాయిన్ : పనితీరు, మోతాదు

ఐసోట్రెటినాయిన్ విటమిన్-ఎ కుటుంబానికి చెందిన పదార్థం. పైన చెప్పిన నాలుగు కారణాల మీద పనిచేసే మందు ఇదొక్కటే. తైల గ్రంథులను కుదించి జిడ్డును బాగా తగ్గిస్తుంది. రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తుంది. జిడ్డు తగ్గడంతో సూక్ష్మజీవులు కూడా తగ్గుతాయి, వాపు పోతుంది.

1979లో అమెరికాలో గ్యారీ పెక్, ఆయన సహచరులు ఇతర చికిత్సలకు లొంగని 14 మంది రోగులకు ఈ మందు ఇచ్చినప్పుడు 13 మందికి మొటిమలు పూర్తిగా తగ్గాయి. 1982లో అమెరికా ప్రభుత్వం దీనిని మొటిమల చికిత్సకు అనుమతించింది.

మోతాదును శరీర బరువును బట్టి నిర్ణయిస్తారు. సాధారణంగా రోజుకు కిలో బరువుకు 0.5 నుంచి 1 మి.గ్రా. వరకు ఇస్తారు. చికిత్స కాలం మొత్తానికి కిలోకు 120 నుంచి 150 మి.గ్రా. చేరేలా చూస్తారు.

ఉదాహరణ : 50 కిలోల బరువున్న వ్యక్తికి మొత్తం మోతాదు 6,000 నుంచి 7,500 మి.గ్రా. అవుతుంది. రోజుకు 30 మి.గ్రా. చొప్పున వాడితే 6,000 మి.గ్రా. పూర్తికావడానికి 200 రోజులు, 7,500 మి.గ్రా. పూర్తికావడానికి 250 రోజులు పడుతుంది.

చికిత్స ఆరు నుంచి ఎనిమిది నెలలు ఎందుకు సాగుతుందో ఈ లెక్క వల్ల అర్థమవుతుంది. ముఖం బాగుపడిందని రెండో నెలలోనే మానేస్తే మొటిమలు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కొందరికి డాక్టర్లు ఇంతకంటే తక్కువ మోతాదు కూడా ఇస్తారు. ఈ లెక్క విషయాన్ని అర్థం చేసుకోవడానికే తప్ప సొంతంగా మోతాదు నిర్ణయించుకోవడానికి కాదు.

క్యాప్సూల్‌ను భోజనంతో పాటు వేసుకోవాలి. నూనె, నెయ్యి ఉన్న ఆహారంతో మందు శరీరానికి బాగా పడుతుంది. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. మొదటి నెలలో కొందరికి మొటిమలు కొంచెం పెరుగుతాయి. అప్పుడు కంగారుపడి మానేయకుండా డాక్టరుకు చెప్పాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
అ) 40 కిలోల బరువున్న వ్యక్తికి కిలోకు 120 మి.గ్రా. చొప్పున మొత్తం మోతాదు ఎంత? రోజుకు 20 మి.గ్రా. వాడితే ఎన్ని రోజులు పడుతుంది?
ఆ) ఐసోట్రెటినాయిన్‌ను భోజనంతో పాటు ఎందుకు వేసుకోవాలి?

7.5 గర్భధారణ : తప్పనిసరి జాగ్రత్తలు

ఈ భాగంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. గర్భిణి ఐసోట్రెటినాయిన్ వాడితే గర్భస్రావం జరగవచ్చు. లేదా శిశువుకు చెవులు, ముఖం, గుండె, మెదడు, థైమస్ గ్రంథి సరిగా ఏర్పడకపోవచ్చు. కొద్ది రోజులు, తక్కువ మోతాదులో వాడినా ఈ ప్రమాదం ఉంటుంది. ఫలానా మోతాదు వరకు ఫరవాలేదు అనే హద్దు లేదు.

1982లో మందు అనుమతి పొందిన మరుసటి ఏడాదికే అమెరికాలో ఇటువంటి శిశువుల గురించి నివేదికలు వచ్చాయి. హెచ్చరికలు పెంచినా గర్భిణులు మందు వాడటం పూర్తిగా ఆగలేదు. చివరికి 2006లో ఆ దేశం ఐప్లెడ్జ్ అనే విధానాన్ని అమలులోకి తెచ్చింది. దాని ప్రకారం డాక్టరు, మందుల షాపు, రోగి ముగ్గురూ పేర్లు నమోదు చేసుకోవాలి. మన దేశంలో అటువంటి నమోదు విధానం లేదు. అందువల్ల బాధ్యత డాక్టరు మీద, మందుల షాపు మీద, చివరగా వాడే వ్యక్తి మీద పడుతుంది.

గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీలు పాటించవలసిన నియమాలు :
• మందు మొదలుపెట్టే ముందు గర్భ పరీక్ష చేయించుకోవాలి. గర్భం లేదని తేలిన తరవాతే, సాధారణంగా తదుపరి నెలసరి రెండో లేదా మూడో రోజున మొదలుపెడతారు.
• మందుకు ఒక నెల ముందు నుంచి, వాడుతున్నంత కాలం, ఆపిన తరవాత మరో నెల వరకు నమ్మకమైన గర్భనిరోధక పద్ధతి పాటించాలి.
• డాక్టరు చెప్పిన ప్రకారం నెలనెలా గర్భ పరీక్ష చేయించుకోవాలి.
• పాలిచ్చే తల్లులు ఈ మందు వాడకూడదు.

ఐసోట్రెటినాయిన్ శరీరం నుంచి కొద్ది రోజుల్లోనే బయటకు పోతుంది. అయినా భద్రత కోసం ఒక నెల గడువు పెట్టారు. ఆ తరవాత కలిగే గర్భానికి ఈ మందు వల్ల హాని ఉండదు. ఈ మందు వాడితే ఇక పిల్లలు పుట్టరనే భయం నిరాధారమైనది. ఇదే కుటుంబానికి చెందిన అసిట్రెటిన్ అనే మందును సోరియాసిస్‌కు వాడతారు. దానిని ఆపిన తరవాత మూడేళ్ల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. కాబట్టి రెండు మందుల పేర్లూ దగ్గరగా ఉన్నాయని ఒకదానికి బదులు మరొకటి తీసుకోరాదు.

పెళ్లి తేదీ, మందు గడువు : మన ఇళ్లలో మొటిమల చికిత్స మీద శ్రద్ధ పెళ్లి సంబంధాలు చూసేటప్పుడే ఎక్కువగా కలుగుతుంది. చిలకలూరిపేట దగ్గర ఊళ్లో ఉన్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఆమె ఆగస్టు 1న మందు మొదలుపెట్టింది. రోజుకు 30 మి.గ్రా. చొప్పున 200 రోజులు వాడాలి. చివరి క్యాప్సూల్ ఫిబ్రవరి 16న వస్తుంది. మరో నెల గడువు కలిపితే మార్చి 16. ఈలోగా సంబంధం కుదిరి, మాఘమాసంలో ముహూర్తం పెట్టారనుకుందాం. అప్పటికి ఆమె మందు గడువు ఇంకా పూర్తయి ఉండదు. పెళ్లయిన వెంటనే గర్భం దాలిస్తే బిడ్డకు ప్రమాదం. ఆమె చేయవలసిన పని సులభమే. పెళ్లి మాటలు మొదలైనప్పుడే డాక్టరుకు చెప్పాలి. డాక్టరు మందును ముందే ఆపవచ్చు, వేరే మందుకు మార్చవచ్చు, లేదా గర్భనిరోధక పద్ధతి సూచించవచ్చు. కాబోయే భర్తకు కూడా ఈ విషయం తెలిసి ఉండటం అవసరం.

పెళ్లికాని అమ్మాయిని గర్భ పరీక్ష చేయించుకోమంటే కుటుంబసభ్యులు నొచ్చుకోవడం సహజం. ఈ పరీక్ష ఎవరి నడవడిక మీదా అనుమానంతో చేసేది కాదు. మందు వాడే స్త్రీలందరికీ వర్తించే నియమం. తల్లి ఎదుట చెప్పలేని విషయం ఉంటే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగవచ్చు. రోగి చెప్పిన మాటలను గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత.

మందు వాడుతుండగా నెలసరి తప్పితే వెంటనే ఆపి, అదే రోజు డాక్టరును కలవాలి. భయపడి దాచడం వల్ల సమయం వృథా అవుతుంది.

పురుషులు ఈ మందు వాడటం వల్ల వారికి పుట్టే బిడ్డలకు హాని కలుగుతుందనడానికి ఆధారాలు లేవు. కానీ వారి మందును ఇంట్లోని స్త్రీలు వాడే ప్రమాదం ఉంది. అలాగే మందు వాడేవారు, స్త్రీలైనా పురుషులైనా, వాడుతున్నంత కాలం, ఆపిన తరవాత ఒక నెల వరకు రక్తదానం చేయకూడదు. ఆ రక్తం గర్భిణికి ఎక్కించే అవకాశం ఉంటుంది. కళాశాలల్లో రక్తదాన శిబిరాలు జరిగినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

7.6 ఇతర దుష్ప్రభావాలు, పొలం పనుల్లో జాగ్రత్తలు

పెదవులు ఎండి పగలడం ఈ మందు వాడే దాదాపు అందరిలో కనిపిస్తుంది. కళ్లు పొడిబారడం, ముక్కులోంచి రక్తం రావడం, కండరాల నొప్పులు కొందరికి ఉంటాయి. చీకట్లో చూపు తగ్గవచ్చు కాబట్టి రాత్రిపూట బండి నడిపేవారు జాగ్రత్తగా ఉండాలి. రక్తంలో కొవ్వులు, కాలేయ ఎంజైములు పెరగవచ్చు. అందుకే మందుకు ముందు, తరవాత మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేయిస్తారు.

మన ప్రాంతంలో మిర్చి కోతలు ప్రధానంగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు సాగుతాయి. ఆగస్టులో మొదలుపెట్టిన మందు కోతల కాలానికి ఇంకా నడుస్తూ ఉంటుంది. పగిలిన పెదవుల మీద, పొడిబారిన కళ్లలో మిర్చి ఘాటు పడితే మంట చాలా ఎక్కువగా ఉంటుంది. కల్లంలో కాయలు ఏరేవారు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసేవారు ఈ కింది జాగ్రత్తలు తీసుకోవాలి.

• పెదవులకు రోజుకు చాలాసార్లు పెట్రోలియం జెల్లీ రాయాలి. కళ్లలో వేసుకునే చుక్కల మందు గురించి డాక్టరును అడగాలి.
• ముక్కు, నోటికి పలచని నూలు గుడ్డ కట్టుకోవాలి. చెమటతో తడిసిన గుడ్డ ముఖానికి రాసుకుంటే మొటిమలు పెరుగుతాయి కాబట్టి రోజూ ఉతికింది వాడాలి.
• మిరపలోని కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పని అయ్యాక చేతులకు ముందు కొంచెం నూనె రాసి, తరవాత సబ్బుతో కడగాలి. ఆ తరవాతే ముఖాన్ని తాకాలి.
• ఐసోట్రెటినాయిన్, డాక్సీసైక్లిన్ రెండూ చర్మాన్ని ఎండకు త్వరగా కమిలేలా చేస్తాయి. టోపీ లేదా తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా, వీలైతే సన్‌స్క్రీన్ వాడాలి. డాక్టరుకు మీరు చేసే పని గురించి ముందే చెప్పాలి.
• మందు వాడుతున్నప్పుడు, ఆపిన ఆరు నెలల వరకు వాక్సింగ్ చేయించుకోకూడదు. చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది.

ఐసోట్రెటినాయిన్‌తో పాటు డాక్సీసైక్లిన్ వంటి టెట్రాసైక్లిన్ మందులను కలిపి వాడకూడదు. మెదడులో ఒత్తిడి పెరగవచ్చు. విటమిన్-ఎ మాత్రలు కూడా వేసుకోకూడదు. జ్వరానికో, మరో జబ్బుకో వేరే డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఈ మందు వాడుతున్నట్లు చెప్పాలి.

వెంటనే మందు ఆపి డాక్టరును కలవవలసిన లక్షణాలు : చూపు మసకబారడం, వాంతులతో కూడిన తీవ్రమైన తలనొప్పి, తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు పచ్చబడటం, రక్త విరేచనాలు, విపరీతమైన దిగులు, చనిపోవాలనే ఆలోచనలు. ఈ మందు వాడినవారిలో కొందరికి కుంగుబాటు వచ్చినట్లు నివేదికలున్నాయి. తీవ్రమైన మొటిమలు కూడా మనిషిని కుంగదీస్తాయి. కారణం ఏదైనా మనసులోని బాధను దాచుకోకూడదు. టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

7.7 చీటీ లేకుండా కొనే మందులు

ఐసోట్రెటినాయిన్ మన దేశంలో షెడ్యూల్ హెచ్ జాబితాలోని మందు. రిజిస్టర్డ్ డాక్టరు రాసిన చీటీ లేకుండా దీనిని అమ్మకూడదు. మన పల్లెల్లో ఆర్.ఎం.పి.లుగా పిలిచేవారిలో ఎక్కువ మందికి వైద్య పట్టా ఉండదు. వారు ఈ మందును సూచించడానికి అర్హులు కారు. స్నేహితురాలికి పనిచేసిందని ఆమె దగ్గర మిగిలిన క్యాప్సూల్స్ తీసుకోవడం మరింత ప్రమాదకరం. ఆమె బరువు వేరు, రక్తపరీక్షలు వేరు. గర్భం విషయంలో జాగ్రత్త చెప్పేవారు ఉండరు.

మరో ప్రమాదం స్టిరాయిడ్ పూతమందులు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటివి ఉన్న క్రీములను తెల్లబడటానికి, మొటిమలు తగ్గడానికి అని ముఖానికి రాస్తుంటారు. మొదటి వారం ముఖం నున్నగా కనిపిస్తుంది. కొన్ని వారాలకు చర్మం పలచబడి, ఎర్రబడి, కొత్త మొటిమలు వస్తాయి. మానేస్తే మంట పెరుగుతుంది. ఆ భయంతో మళ్లీ అదే రాస్తారు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ట్యూబు మీద ఉన్న మందు పేర్లను చదివే అలవాటు చేసుకోండి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానకుండా చర్మవ్యాధుల డాక్టరు సలహా తీసుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి : గుంటూరు ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో, రిమ్స్‌గా అందరికీ తెలిసిన ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంతకుముందు వాడిన మందుల చీటీలు, ట్యూబులు, ఖాళీ స్ట్రిప్పులు తీసుకువెళ్లాలి. ఏ మందు వల్లనైనా దుష్ప్రభావం కలిగితే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024 కు రోగులే స్వయంగా తెలియజేయవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
అ) ఒక స్త్రీ ఏప్రిల్ 10న చివరి ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ వేసుకుంది. ఎప్పటి వరకు గర్భం రాకుండా చూసుకోవాలి?
ఆ) ఈ మందు వాడుతున్న యువకుడు రక్తదానం ఎందుకు చేయకూడదు?

7.8 సారాంశం

తీవ్రమైన మొటిమలు మచ్చలు మిగులుస్తాయి కాబట్టి వాటికి సకాలంలో చికిత్స అవసరం. ఐసోట్రెటినాయిన్ మొటిమల నాలుగు కారణాల మీద పనిచేస్తుంది. దీనిని బరువును బట్టి, నెలల తరబడి, రక్తపరీక్షలు చేయిస్తూ వాడతారు. గర్భంలోని శిశువుకు ఇది తీవ్ర హాని చేస్తుంది. మందుకు ముందు ఒక నెల, వాడే కాలం, ఆపిన తరవాత ఒక నెల గర్భం రాకుండా చూసుకుంటే ఆ హానిని పూర్తిగా నివారించవచ్చు. ఎండలో, మిర్చి ఘాటులో పనిచేసేవారు పెదవులను, కళ్లను, చర్మాన్ని కాపాడుకోవాలి. మందును చీటీ లేకుండా కొనకూడదు, ఇతరులతో పంచుకోకూడదు.

7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి : సమాధానాలు

1. అ) 4,800 మి.గ్రా.; 240 రోజులు. ఆ) కొవ్వు ఉన్న ఆహారంతో మందు శరీరానికి బాగా పడుతుంది.
2. అ) కనీసం మే 10 వరకు. ఆ) ఆ రక్తం గర్భిణికి ఎక్కిస్తే శిశువుకు హాని కలగవచ్చు.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఐసోట్రెటినాయిన్ వాడే స్త్రీలు గర్భధారణ విషయంలో పాటించవలసిన నియమాలను కారణాలతో వివరించండి.
2. మిర్చి పొలాల్లో పనిచేసేవారు మొటిమల మందులు వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మొటిమలు ఏర్పడటానికి గల నాలుగు కారణాలను పేర్కొనండి.
2. ముఖానికి స్టిరాయిడ్ పూతమందులు వాడటం వల్ల కలిగే నష్టాలేవి?
3. మీ ఊళ్లో పెళ్లి కుదిరిన ఒక అమ్మాయి ఈ మందు వాడుతున్నట్లు మీకు తెలిసింది. ఆమెకు మీరు ఏమి చెబుతారు?

7.11 పదకోశం

తైల గ్రంథి : చర్మంలో జిడ్డును తయారుచేసే గ్రంథి.
తిత్తి : చర్మం లోపల చీముతో లేదా ద్రవంతో నిండిన సంచి వంటి గడ్డ.
షెడ్యూల్ హెచ్ : డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితా.
దుష్ప్రభావం : మందు చేసే మేలుతో పాటు కలిగే అవాంఛిత ఫలితం.